క్రాసు మార్చిన కారును వెనక్కి పిలిచిన రోజు

కారు కింద దూరే ప్రతి కుర్రాడికీ నేను చెప్పే మాట ఒకటుంది. ఊడదీసిన క్లిప్పు ఎక్కడ పెట్టావో చూసుకో, ఎగిరిపోతే దొరికేదాకా లేవకు. మా షెడ్డులో పని నేర్చుకుని ఇప్పుడు సొంత షెడ్లు పెట్టుకున్నవాళ్ళు నా వెనక దీన్ని చెప్పుకుని నవ్వుకుంటారని నాకు తెలుసు. "ముసలాయనకు క్లిప్పుల పిచ్చి" అంటారట. నవ్వుకోండి నాయనా, మీ పళ్ళు గట్టిగా ఉన్నాయి. ఆ పిచ్చి ఎలా పట్టిందో మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నేను పని మానేశాను, ఆ కారు తుక్కు కింద పోయింది, దాన్ని నడిపినవాడూ పోయాడు. ఇప్పుడు చెప్తే నొచ్చుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, నేను తప్ప.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉండేది. రాజధాని మన జిల్లాకే వచ్చింది కాబట్టి ఇక మన రోడ్లకు తారు పడినట్టే అని ఊళ్ళో పెద్దమనుషులు అరుగుల మీద కూర్చుని తేల్చేశారు. రాజధాని వచ్చింది, కాస్త కాలు చాపుకునే లోపలే మూటాముల్లె కట్టుకుని హైదరాబాదుకు పోయింది. మా రోడ్డు మీద కంకర మాత్రం కంకరలాగే ఉండిపోయింది. దాన్ని నేను తిట్టను. బండ్ల కీళ్ళన్నీ అరగదీసి మా షెడ్డుకు పంపించి నాకింత అన్నం పెట్టింది ఆ కంకరే.

మా షెడ్డు కంభం వెళ్ళే దారిలో, ఊరి చివర. పైన రేకులు, కింద పలకరాయి. షెడ్డు మేస్త్రిది. ఆయన యుద్ధం నాటి మిలిటరీ వర్క్‌షాపులో పని చేసి, అది అయిపోయాక ఊరికి వచ్చినవాడు. నన్ను అల్లుడా అనేవాడు, నేను మామా అనేవాణ్ణి. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు, మా వైపు అంతే, వరస లేకుండా నోరు పెగలదు. పని విషయంలో మామ మహా కోపిష్టి. రెంచి జారితే రెంచినీ తిట్టేవాడు, నన్నూ తిట్టేవాడు, ఆ బండి కొన్నవాణ్ణీ తిట్టేవాడు.

ఊళ్ళో సెట్టిగారికి నూనె వ్యాపారం ఉండేది. ఆయన మిలిటరీ వేలంలో ఒక పాత కారు కొని బాడుగకు తిప్పేవాడు. దాని డ్రైవరూ నేనూ ఒక ఈడువాళ్ళం. అతను నన్ను బావా అనేవాడు, నేనూ అతన్ని బావా అనే పిలిచేవాణ్ణి. ఇక్కడా అలాగే అంటాను. బావకు చిన్నప్పుడే తండ్రి పోయాడు. పెదనాయన, పెద్దమ్మ పెంచారు. బంగారం లాంటి చెయ్యి. గేరు మార్చితే వెనక కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు. ముప్పై దాటినా పెళ్ళి మాత్రం కాలేదు. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు అతను డ్రైవరని తెలియగానే, ఏ ఊర్లో తింటాడో ఏ ఊర్లో పడుకుంటాడో అని మంచినీళ్ళు తాగి లేచిపోయేవాళ్ళు.

చివరికి కొమరోలులో ఒక రైతు ఒప్పుకున్నాడు. ఆయనది వాన మీద ఆధారపడ్డ సేద్యం. "బండి తోలేటోడైతే ఏంది? మొబ్బు దిక్కు చూసి బతికే పని కాదు గదా" అన్నాడట. పెదనాయన, పెద్దమ్మ వెళ్ళి పిల్లను చూసి వచ్చారు. బావ చూడలేదు. తాంబూలాలు పుచ్చుకునే రోజే చూసుకోవచ్చులే అనుకున్నాడు. సెట్టిగారు కారు ఇచ్చి పంపిస్తానన్నాడు. అంటే మన పెళ్ళికొడుకు తన నిశ్చితార్థానికి తనే డ్రైవరు.

నాలుగు రోజుల ముందునుంచే బావ షెడ్డుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. కారు కదిలేటప్పుడు కింద టక్కుమంటోంది.

"ఎన్నాళ్ళ నుంచి కొట్టుకుంటాంది ఇది?" అని మామ అడిగాడు.

"శానా దినాలైంది మామా. సెట్టికి చెప్తే, నడుస్తాంది గదా అంటాడు."

"మరి నీకేంది తొందర?"

బావ తల గోక్కున్నాడు. "కొమరోలు ఈదిలోకి పోయేటప్పుడు టక్కుటక్కుమంటే ఏం బాగుంటాది మామా? డొక్కు బండోనికి పిల్లనిస్తిమే అనుకోరా?"

మామ కోపం మరిచిపోయి నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు తీసుకుపోయే పొడుగాటి ఇనుప గొట్టాన్ని షాఫ్టు అంటాం. గుంతలో చక్రం ఎగిరినప్పుడల్లా ఆ షాఫ్టు కిందికీ పైకీ ఆడాలి. అందుకని దాని రెండు కొసల్లోనూ కీళ్ళు ఉంటాయి. కీలు నడుమ కూడిక గుర్తు ఆకారంలో ఉండే ముక్కే క్రాసు. దాని నాలుగు చేతులకూ నాలుగు కప్పులు, కప్పుల్లో సన్నటి సూదులు, కప్పు బయటికి జారిపోకుండా ఒక్కోదానికి ఒక క్లిప్పు. కొసలు కలవని చెవిపోగులా ఉంటుంది ఆ క్లిప్పు. ఊదితే కదిలేంత చిన్నది. అది లేకపోతే కప్పు జారుతుంది, క్రాసు ఊడుతుంది, షాఫ్టు కింద పడుతుంది. వెనక కొస పడితే రోడ్డును గీరుకుంటూ వస్తుంది, చప్పుడు తప్ప ప్రాణానికి భయం లేదు. ముందు కొస పడిందా, కంకరలో గుచ్చుకుని కారును ఎత్తి పడేస్తుంది. బావ కారులో అరిగింది ముందు క్రాసు.

షాఫ్టు దించి క్రాసు ఊడదీశాం. మామ దాని చేతి మీద గోరు పెట్టి గీశాడు. సూదులు పడి కాలవలు చేసిన చోట గోరు ఆగింది. గోరు ఆగితే ఆ వైపు పనికిరాదు. సామాను దొరకని కాలం కాబట్టి అలాంటప్పుడు క్రాసును అటుదిటు తిప్పి, అరగని వైపు బరువు పడేలా మళ్ళీ బిగించేసేవాళ్ళం. మా షెడ్డులో సగం బండ్లు అలా తిప్పిన క్రాసుల మీదే తిరిగేవి. నేను తిప్పబోతే మామ నా చేతి మీద ఒక్కటేశాడు.

"మంచి పనికి పోయే బండికి తిప్పిన క్రాసు ఏస్తావా? కొత్తది తెప్పించు."

గుంటూరు బస్సు క్లీనరుతో కొత్త క్రాసు తెప్పించాం. అది మా కారుకని చేసింది కాదు, దానికి దగ్గరగా ఉన్న ఇంకో బండిది. మామ పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, కప్పుల మందం, చేతుల పొడుగు దారంతో కొలిచాడు. సరిపోయింది. కప్పులు కూడా బిగువుగా దిగాయి. చిక్కంతా క్లిప్పులతో వచ్చింది. కొత్త క్లిప్పులు వెంట్రుకవాసి లావు, గాడిలో కూర్చోవు. అందుకని పాత క్లిప్పులే వాడదామన్నాడు మామ. నాలుగు పాతవాటిలో ఒకటి నేను ఊడదీసేటప్పుడే టింగుమని ఎగిరిపోయింది. షెడ్డంతా వెతికాను, దొరకలేదు. "పోతే పోనీలేరా, పాతది గదా" అన్నాడు మామ. దాని బదులు ఒక కొత్త క్లిప్పు తీసుకుని, పలకరాయి మీద నీళ్ళు చల్లి, పల్చబడేదాకా నూరాను. నూరిన వైపు తళతళలాడింది. అలా మూడు పాతవి, ఒకటి నూరినది. మామ నాలుగింటినీ స్క్రూడ్రైవరు మొనతో తట్టి చూసి "కూచున్నాయి" అన్నాడు.

కారు ఆ రాత్రి షెడ్డులోనే ఉంది. పొద్దున్నే బావ వచ్చి దాన్ని కడిగాడు. వెనక అద్దానికి నీలం గుడ్డతో పరదా కుట్టించి తెచ్చాడు.

"అదెందుకు బావా?" అన్నాను.

"రేపు పెండ్లయినాక ఆయమ్మి ఎక్కుతాది గదా, ఎండ పడతాది."

నేనూ మామా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏడిపించడానికి అంతకంటే మంచి మాట దొరకదు గానీ, ఎందుకో ఇద్దరికీ నోరు రాలేదు.

పెదనాయన, పెద్దమ్మ, ఇంకో ఇద్దరు చుట్టాలు పళ్ళెంలో చీర, టెంకాయ, ఆకూవక్కా పట్టుకుని షెడ్డు దగ్గరికే వచ్చి ఎక్కారు. మామ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కారు వాటిని తొక్కుకుంటూ కదిలింది. టక్కుమనలేదు. బావ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వేళ్ళు ఆడించాడు.

నేను లోపలికి వచ్చి చీపురు తీసుకున్నాను. కారు కింద పరిచిన గోతాం దులపగానే ఒక క్లిప్పు పలకరాయి మీద పడి గిర్రున తిరిగింది. చేతిలోకి తీసుకున్నాను. ఒక వైపు తళతళలాడుతోంది.

నూరింది అది, ఊడి పడింది. ఆ ఒక్క ఆలోచనే వచ్చింది నాకు. కారు కదిలిన మొదటి కుదుపుకే ఎగిరి పడి ఉంటుంది, కంభం దాటేలోపల కప్పు జారుతుంది, షాఫ్టు ముందు కొస కింద పడుతుంది. చీపురు పారేసి రోడ్డు మీదికి ఉరికాను.

"బావా! ఆగు బావా! ఆపు!"

గొంతు పగిలేలా అరిచాను. బావ నా కేక విని ఆపేశాడు. నేను పిలిస్తే ఎంత తొందరలో ఉన్నా ఆగే మనిషి.

మంచి పనికి బయల్దేరినవాళ్ళను వెనక నుంచి పిలవకూడదు. మా వైపు చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ క్షణంలో నా కళ్ళ ముందు కంకరలో దిగబడిన షాఫ్టు తప్ప ఇంకేమీ లేదు.

కారు వెనక్కి వచ్చింది. పెదనాయన దిగాడు. పొడుగాటి మనిషి, తలగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవుడ్రా ఎనక నుంచి కేకేసింది?"

కారు కింద దూరాను. గ్రీజు తుడిచి, క్లిప్పులు ఒక్కొక్కటీ వేలితో తడిమాను. మూడు పాతవి ఉన్నాయి. నాలుగోది, నేను నూరింది, గాడిలో తళతళలాడుతూ బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది. మరి నా చేతిలోది? ఊడదీసేటప్పుడు ఎగిరిపోయిన పాత క్లిప్పు. ఏళ్ళ తరబడి కప్పు రాసుకుని రాసుకుని దాని ఒక వైపు కూడా నూరినట్టే మెరుస్తోంది. గోతాం మడతలో దాక్కుని, పొద్దున దులిపితే బయటపడింది.

బయటికి వచ్చాను. అందరూ నా మొహమే చూస్తున్నారు.

"అన్నీ బాగుండాయి" అన్నాను.

ఒక్క క్లిప్పు లేకుండా ఉంటే ఆ రోజు నేను దేవుణ్ణయ్యేవాణ్ణి. అన్నీ ఉన్నాయి కాబట్టి పాపిష్టివాణ్ణయ్యాను.

మామ చేతులు జోడించినంత పని చేశాడు. "పెద్దాయనా, పిల్లోడు బండి గురించి బయపడినాడు, అంతే. లోపలికి రాండి, కాళ్ళు కడుక్కోని కాసేపు కూచోండి. మంచినీళ్ళు తాగి మళ్ళ బయల్దేరితే సరిపోతాది."

"అట్లనే చేద్దాంలేయ్యా" అంది పెద్దమ్మ. "ఆడ అందరూ ఎదురు చూస్తాంటారు."

పెదనాయన కదల్లేదు. కోపంగా అరుస్తాడనుకున్నాను. ఆయన గొంతు తగ్గింది.

"వీళ్ళ నాయన పొదిలి సంతకు పోతాంటే ఎద్దును కట్టే తలుగు మర్చిపోయినాడని ఎనక నుంచి పిలిచింది నేనే. 'ఏందన్నా' అని తిరిగి చూసినాడు. తీసుకోని పోయినాడు. మళ్ళ మనిషి రాలా. పాము కుట్టి దావలోనే పోయినాడు." తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. "ఇయ్యాల వద్దు. ఇంగో దినం పోదాం."

మామ అంతటివాడు నేల చూశాడు. అందరం బావ వైపు తిరిగాం. ఒక్క మాట, "ఏం కాదులే పెదనాయనా" అని ఒక్క మాట అంటాడని నేను ఎంత ఎదురు చూశానో చెప్పలేను. పెంచిన మనిషి కళ్ళల్లో అంత భయం చూశాక బావ ఎలా అంటాడు? కారు దిగి, పెద్దమ్మ చేతిలో పళ్ళెం అందుకుని, జాగ్రత్తగా పట్టుకున్నాడు.

ఫోన్లు లేవు. కబురు చెప్పడానికి ఒక చుట్టాన్ని బస్సెక్కించారు. గిద్దలూరులో బస్సు మారి అతను కొమరోలు చేరేసరికి పొద్దు వాలింది. అక్కడ బంధువులంతా వచ్చి కూర్చున్నారు, అన్నాలు వండారు, తినకుండా ఎదురు చూశారు. మగపిల్లవాడి వైపునుంచి మనిషి రాలేదు, మాట రాలేదు. పదిమందిలో తలవంపులయ్యాయని పిల్ల తండ్రి కుమిలిపోతుంటే, అర్ధవీడు నుంచి వచ్చిన ఒక చుట్టం "నా కొడుక్కి ఇయ్యి" అన్నాడట. వండిన అన్నం, వచ్చిన జనం వృథా పోకూడదని ఆ తాంబూలాలు అప్పటికప్పుడే మార్చుకున్నారు. మన మనిషి వెళ్ళేసరికి వాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు.

ఆ కబురు వచ్చిన రోజు మామ నన్ను తిట్టలేదు. బీడీ వెలిగించుకుని రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"ఊరి బయట ఆంజనేయస్వామి కాడ టెంకాయ కొట్టను ఆగుతారు గదరా అల్లుడా. సందులో పడి ఉరికింటే ముందరికి పోయి ఎదురుగ్గా నిలబడేటోనివి. ఎదురొచ్చి ఆపితే తప్పు లేదు."

ఆ సందు నాకు తెలుసు. రోజూ టీకి పోయే సందు అది. అరవకుండా, ఊపిరి బిగబట్టి పరిగెత్తి ఉంటే, కారు ఆగిన చోటికే వెళ్ళి ఉండేవాణ్ణి. కింద దూరి చూసి, "ఏం లేదు బావా, ఒక నట్టు బిగించిపోదామని వచ్చినా" అని అబద్ధం చెప్పి ఉండేవాణ్ణి. వాళ్ళు కొమరోలులో భోజనాలు చేసి ఉండేవాళ్ళు. పిలిచినందుకు నేను పశ్చాత్తాపపడను. అలాంటి క్లిప్పు చేతికి దొరికితే ఈ రోజైనా ఆ కారును ఆపుతాను. ఆ సందు గుర్తుకు రాలేదే అన్నదొక్కటే నన్ను తినేసింది. ఇప్పటికీ కల వస్తే ఆ సందులోనే పరిగెత్తుతుంటాను.

తర్వాత వేరే సంబంధాలు చూశాం. నేను కూడా రెండు మూడు తెచ్చాను. వెలిగండ్ల వైపు ఒకటి కుదిరినట్టే కుదిరింది. బావ ఏదీ పడనివ్వలేదు. ఒకసారి గట్టిగా అడిగాను, ఆ పిల్ల మీద మనసు పోయిందా అని.

"సూడని మొగానికి ఏడ్చేదేంది బావా?" అన్నాడు. "ఇంగ నాకు ఓపిక లేదు, అంతే."

వెనక అద్దానికి ఆ పరదా మాత్రం తీయలేదు. ఎండకు వెలిసిపోతే మళ్ళీ అదే నీలం గుడ్డ తెచ్చి కుట్టించేవాడు. బాడుగకు ఎక్కిన ఆడవాళ్ళు నీడగా ఉందని మెచ్చుకునేవాళ్ళు.

నన్ను ఒక్క మాట అనలేదు. నిష్ఠూరం లేదు, ముఖం చాటేయడం లేదు. అంతకుముందులాగే వచ్చేవాడు, అదే బల్ల మీద కూర్చునేవాడు. ఒక్కటే కొత్తగా వచ్చింది. పని అయిపోయి కారు బయటికి తీశాక, షెడ్డు వాకిట్లో ఆపి, తల బయటికి పెట్టి అడిగేవాడు:

"అంతా సూసుకున్నావా బావా? పొయ్యేదా?"

"పోయిరా" అనేవాణ్ణి. అప్పుడు కదిలేవాడు. కొత్తగా పనికి చేరినవాళ్ళు అది మా ఇద్దరి పరాచికం అనుకునేవాళ్ళు. ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని నేను ప్రతిసారీ అతని మొహం చూసేవాణ్ణి. ఎన్నడూ కనపడలేదు. నిజంగానే అడిగేవాడు. ఒక్కసారి బూతులు తిట్టి ఉంటే ఇద్దరం ఏడ్చి, ఒక టీ తాగి, మరిచిపోయేవాళ్ళమేమో. మంచివాళ్ళతో వచ్చిన ఇబ్బందే అది, మనకు ఆ దారి కూడా ఉంచరు.

మమ్మల్ని తర్వాత ప్రకాశం జిల్లాలో కలిపారు, రోడ్డుకు తారు పడింది, మామ పోయాడు, షెడ్డు నా చేతికి వచ్చింది. ఆ కారుకు ఇంకా ఎన్నిసార్లు క్రాసులు మార్చానో. ప్రతిసారీ పాత క్లిప్పులు ఒక టెంకాయ చిప్పలో వేసి, నాలుగూ ఉన్నాయని చూసుకున్నాకే కొత్తవాటిని ముట్టుకున్నాను. మీరు పిచ్చి అంటున్నది దాన్నే.

బావ పోయిన కబురు నాకు మధ్యాహ్నం అందింది. పెదనాయన, పెద్దమ్మ ఎప్పుడో వెళ్ళిపోయారు, ముందు నడవడానికి కొడుకు లేడు. వరసకు తమ్ముడయ్యే అతను కుండ పట్టుకున్నాడు. నేను పాడెకు భుజం పడదామంటే నా మోకాళ్ళు సహకరించలేదు. వాళ్ళ వాకిట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాను.

పాడె లేపారు. వాకిట్లో ఆపుతారని, అడుగుతాడని, నేను "పోయిరా" అనాలని, అలవాటున నా నోరు సిద్ధంగా ఉంది. ఆపలేదు. అన్నేళ్ళలో మొదటిసారి నన్ను అడగకుండా పోతున్నాడు. మలుపు దగ్గరికి వెళ్ళేసరికి "బావా" అని పిలుపు గొంతుదాకా వచ్చింది.

నేను పిలిస్తే ఆగకుండా పోవడం అతనికి చేతకాదు. అందుకని రెండు చేతులతో నోరు మూసుకున్నాను.